హాస్టలా, చిన్నమ్మ ఇల్లా, బార్కస్‌ల అద్దె గదా?

చెల్లే, నీకు సీటొచ్చిన ముచ్చట నువ్వు ఫోన్ చెయ్యకముందే మా గల్లీకి తెలిసిపోయింది. మీ చిన్నమ్మ మిఠాయి డబ్బా పట్టుకొని ఇల్లిల్లు తిరిగింది. ఉస్మానియాల ఎమ్మే ఎకనామిక్స్! సీపీగెట్ ర్యాంకు చూసి నువ్వు అన్నం తినకుండ పండుకున్న సంగతి కూడ చెప్పింది, ఇప్పుడది నవ్వుకునే ముచ్చటైంది. సంబురం సంబురమే. గని నువ్వు పంపిన మెసేజ్ చదివితే మీ ఇంట్ల సీటు కంటె పెద్ద పంచాయితి నడుస్తున్నట్టుంది. నాయినకేమో నువ్వు చిన్నమ్మ ఇంట్లనే ఉండాలె. నీ దోస్తుకేమో దిల్‌సుఖ్‌నగర్ల ప్రైవేటు హాస్టల్ల నీతోని కలిసుండాలె. నీకేమో క్యాంపస్ హాస్టల్ మీద మనసు. చిన్నమ్మ పక్కబజార్ల ఒక గది ఖాళీ ఉన్నదని ఎవ్వరో చెప్తే అటు కూడ జెర మనసు లాగుతున్నది. ఇగ మీ మేనమామది ఒక్కటే మాట: "బార్కస్‌లనా? పెండ్లి కాని పిల్లనా?"

ఏండ్ల సంది బార్కస్‌ల కాపురముంటున్నదాన్ని, కాబట్టి ముందుగాల మేనమామ సంగతే తేలుస్త. ఈ ఏడు సీట్లొచ్చి ఇట్లనే కొట్లాడుకుంటున్న ఇండ్లు ఇంకెన్నో ఉంటయి, వాళ్లు కూడ వింటరు.

మీ కల్వకుర్తి, ఆమనగల్లు దిక్కు నుంచి పట్నమొచ్చే బస్సులు శ్రీశైలం రోడ్డు పట్టుకొని తుక్కుగూడ, పహాడీషరీఫ్ దాటి చాంద్రాయణగుట్ట కాడనే ఊర్లకొస్తయి. అంటే నువ్వు చిన్నప్పటి సంది మా పక్కకెల్లే పోతున్నవు, దిగలేదంతే. నిజాం ఫౌజుల పనిచేసేతందుకు యెమెన్ దేశం హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు సిపాయిలకు ఇక్కడ బ్యారక్‌లు కట్టిండ్రు. 1948 సెప్టెంబర్ల పోలీసు చర్య అయినంక ఆ ఫౌజే లేకుండ పోయింది. కొందరు వాళ్ల దేశం పోయిండ్రు, ఉన్నోళ్లు ఇక్కడి మట్టిల కలిసిపోయిండ్రు. చావూష్‌లంటరు వాళ్లను. వాళ్ల మనుమలు, మునిమనుమలే ఇప్పుడు మా ఇరుగుపొరుగు. మొగోళ్లు గళ్ల లుంగీ మీదనే బజారు పనులన్ని చేసుకుంటరు. పొద్దుగాల్ల గోధుమ, మాంసం కలిపి ఉడకబెట్టిన హరీస్ తింటరు, ఖారా ఒకటి, మీఠా ఒకటి. ఇప్పుడు పట్నమంత బోర్డులు పెట్టి అమ్ముతున్న మండీ మా దిక్కు పాత తిండే, ఒకటే పెద్ద తాంబాళం చుట్టు నలుగురు కూసొని తింటరు. జామతోటలకు పేరున్న జాగ ఇది. తోటలు పోయి ఇండ్లొచ్చినయి గని, జామకాయ బండోళ్లు ఇప్పటికీ "బార్కస్ జామ్" అనే అరుస్తరు.

సాయంత్రం డ్యూటీ దిగి నేను తొమ్మిదింటికి, ఒక్కొక్కసారి పదింటికి గల్లీల అడుగుపెడ్త. దుకాండ్లు తెరిచే ఉంటయి, అరుగుల మీద ముసలోళ్లు కూసునే ఉంటరు. కొత్త మొఖం కనపడితే కొన్నాళ్లు చూస్తరు. ఎవ్వరింటి పిల్లనో తెలిసినంక ఆ చూసుడు బందైతది, ఇగ చెప్పుడు మొదలైతది: "మీ చెల్లె ఇయ్యాల లేటుగొచ్చింది", "మీ చెల్లె ఎవ్వరి బండి మీదనో దిగింది". గల్లీ కావలి కాస్తది, ఆ కావలికి కిరాయి కూడ వసూలు చేస్తది. మేనమామకు మొదటిది తెల్వదు, నీకు రెండోది తెల్వదు. రెండు తెలిసే రా.

బార్కస్ మొత్తం బంగారమని నేను చెప్తలేను. బండ్లగూడ రోడ్డు పొడుగూత ఫంక్షన్ హాళ్లే. పెండ్లిళ్ల సీజన్ల రాత్రి ఒంటిగంట దాంక కార్లు, పటాకలు, మర్ఫా వాయింపు. ఆ మర్ఫా ఉన్నదే, అది వింటే కాలు ఆగది, నాకు మస్తు ఇష్టం. రేపు పొద్దుగాల పరీక్ష ఉన్నోళ్లకు మాత్రం శాపం. రంజాన్ నెలంత సహర్ దాంక బజారు మేల్కొనే ఉంటది. మోరీల సంగతి, వానాకాలం రోడ్ల సంగతి పాత బస్తీ ఎక్కడైనా ఒకటే.

ఇగ దూరం. మీ ఇంట్ల అందరు ముందుగాల అడుగుతున్నది అదేనట, "బార్కస్ కాడి నుంచి యూనివర్సిటీ ఎంత దూరం?" అని. ఆ లెక్క నేను తొందరగా చెప్పి అవతల పడేస్త.

2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడోళ్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్ల టికెట్ లేదు. తెలంగాణ అడ్రస్ ఉన్న ఆధార్ లాంటి గుర్తింపు కార్డు అసలుది చూపించాలె, కండక్టర్ జీరో టికెట్ ఇస్తడు. చాంద్రాయణగుట్ట నుంచి చార్మినార్ మీదికెల్లి కోఠికి, కోఠి నుంచి యూనివర్సిటీకి. ఇంతకు ముందైతే దూరం ఉంటే పైసలు పోయేటివి, ఇప్పుడు టైమొక్కటే పోతది. ఇంకొక తొవ్వ చాలమందికి గుర్తురాదు, రైలు. ఫలక్‌నుమా స్టేషన్ దాంక షేర్ ఆటో, ఆడ ఎంఎంటీఎస్ ఎక్కితే ఉప్పుగూడ, యాకుత్‌పురా, డబీర్‌పురా, మలక్‌పేట, కాచిగూడ, విద్యానగర్, జామై ఉస్మానియా, ఆ తర్వాత ఆర్ట్స్ కాలేజ్. స్టేషన్ పేరే నీ కాలేజీ పేరు! చార్మినార్ కాడి ట్రాఫిక్ పీడ లేదు, ఆడోళ్లకు పెట్టె వేరే ఉంటది. తిప్పలేందంటే బండ్లు తక్కువ. ఒకటి తప్పిందంటే ప్లాట్‌ఫారం మీద కూసొని ఒక పాఠం చదువుకోవచ్చు. అందుకే టైం టేబుల్ ఫోన్ల పెట్టుకున్నోళ్లకే ఆ రైలు అక్కరకొస్తది.

మెట్రో ఉన్నది కదా అంటవేమో, మా దిక్కుకు ఇంకా రాలే. ఎంజీబీఎస్ నుంచి పాత బస్తీ దిక్కు వేసేతందుకు 2024 మార్చి 8న ఫలక్‌నుమాల శంకుస్థాపన చేసిండ్రు. ఇల్లు చూపించేటోళ్లు "మెట్రో వస్తది కదమ్మా" అని కిరాయి ఎక్కువ చెప్తే నవ్వి ఊకో. నీ ఎమ్మే రెండేండ్లు.

దిల్‌సుఖ్‌నగర్ దగ్గరని నీ దోస్తు అంటున్నది. మ్యాపుల దగ్గరే. గని నడుమ మూసీ ఉన్నది. గట్టి వానొచ్చి నీళ్లు వదిలిండ్రంటే దాని మీద వంతెన బంద్, బండ్లన్నీ చుట్టు తిరుగుడే. దూరం గూగుల్ల చూడకు, పొద్దుగాల ఎనిమిదింటికి ఒకసారి, సాయంత్రం ఏడింటికి ఒకసారి ఆ తొవ్వల స్వయంగా పోయి చూడు.

ఇగ నేను అడిగేది వేరే. సాయంత్రం ఏడు నుంచి రాత్రి పదకొండు దాంక నీ టైం ఎవ్వరి చేతుల ఉంటది? డిగ్రీ లెక్క కాదు ఎమ్మే. క్లాసుల చెప్పేది తక్కువ, చదువుకొని పోయి మాట్లాడేది ఎక్కువ. సెమినార్ పేపర్లు, ఎకనామెట్రిక్స్ లెక్కలు, దాని పక్కనే నెట్ పరీక్ష. అదంత ఆ నాలుగు గంటల్లనే అయితది. నాలుగు జాగల్ల ఆ నాలుగు గంటలు ఎట్లుంటయో చెప్త విను.

మీ చిన్నమ్మ ఇల్లు. చిన్నమ్మ ఎంత మంచిదో నాకు తెల్వదా? గోడకు గోడ మాది. ఆ మంచితనంతోనే వచ్చింది తిప్పలంత. ఆమె నీకు ఒక్క పని చెప్పది, ఒట్టు. నువ్వు కాలేజీ నుంచి వచ్చేసరికి ఆమె పొయ్యి కాడ చెమటలు కక్కుతుంటది. చిన్నోడు హోంవర్క్ పుస్తకం పట్టుకొని ఏడుస్తుంటడు. ఎవ్వరు చెప్పకుండనే నువ్వు వాణ్ని దగ్గర కూసోపెట్టుకుంటవు, ఉల్లిగడ్డలు తరుగుతవు, బట్టలు మడతపెడ్తవు. గ్యాస్ బుక్ చేసుడు, కరెంటు బిల్లు ఫోన్ల కట్టుడు, చిన్నాయిన రేషన్ కార్డు ఆన్‌లైన్ల చూసుడు, చదువుకున్న పిల్లవు కదా, అన్నీ నీ మీదికే వస్తయి. ఒక్కొక్కటి అయిదు నిమిషాల పనే. ఒక్కొక్క అయిదు నిమిషాలు కలిసి ఎనిమిదిన్నర అయితది. అప్పుడు టీవీ సీరియల్. టీవీ ఉన్న అర్రలనే నీ మంచం. సీరియల్ అయిపోయేదాంక నువ్వు ఎకనామెట్రిక్స్ చదువుతున్నట్టు కూసుంటవు. అది కూడ అయిపోయినంక లైటు. చిన్నాయినకు తెల్లారి నాలుగింటికి డ్యూటీ. లైటేసుకోమనే చెప్తడాయన. నువ్వే ఎయ్యవు.

అన్నిటి కంటె కష్టమైంది ఇంకోటి చెప్తనా? అన్నం. నువ్వొచ్చేదాంక చిన్నమ్మ తినది. లైబ్రరీల తొమ్మిదింటి దాంక కూసుందామనుకుంటవు, ఏడున్నరకు ఆమె యాదికొస్తది, పుస్తకం మూసేస్తవు. ఇది ప్రేమ కాదని ఎవ్వరంటరు? గని ఆ ప్రేమకు నీ లైబ్రరీ కట్నమైపోతది.

అట్లని చుట్టాలిల్లు వద్దే వద్దంటలేను. చిన్నమ్మ ఇంట్ల ఉండుడంటే మొదటి దినమే నాలుగు మాటలు మాట్లాడుకొని ఉండాలె, అంతే. ఆరో నెలల అన్న మాట పుండైతది, మొదటి దినం అన్న మాట ఒప్పందమైతది. నెలకు ఇంత ఇస్త అను. ఆమె పైసలు తీసుకోది, కోపం కూడ చేస్తది. అయితే బియ్యం, కందిపప్పు ఊరి నుంచి మీ నాయిన తెచ్చి ఏసేటట్టు మాట్లాడు. వారంల ఫలానా మూడు దినాలు నాకు లైబ్రరీ, నా కోసం చూడకు, అన్నం మూత పెట్టి పెట్టు అను. చిన్నోని చదువు నేను చూస్త, ఆదివారం పొద్దుగాల, అను. చిన్నగనిపిస్తయి ఈ మాటలు. నోరు తెరిచి చెప్పేటప్పుడు చూడు, గొంతుల ఎంత అడ్డం పడ్తయో.

ఇంకొక మాట, మీ అమ్మ చెప్పనిది. ఏ చుట్టమింట్ల ఉన్నా, ఎంత దగ్గరోళ్లైనా, నువ్వు పండుకునే అర్రకు లోపలి నుంచి గడియ ఉండాలె. స్నానాల గదికి ఉండాలె. ఎవ్వరి చూపైనా, ఎవ్వరి మాటైనా నీకు ఇబ్బంది అనిపిస్తే నీ అనుమానం నిజమా కాదా అని నిన్ను నువ్వు విచారణ చేసుకుంట కూసోకు. బ్యాగు సర్దుకొని మా ఇంటికి రా, అర్ధరాత్రైనా సరే, ఎందుకని నేనడగ. మీ చిన్నాయిన గురించి కాదు ఈ మాట, ఆయన దేవుడసొంటి మనిషి. చదువుకునే పిల్లలందరికి చెప్తున్న.

హాస్టల్ సంగతికొస్త. ఇది జెర పెద్ద ముచ్చట, నాకు ఇష్టమైంది కూడ.

ఉండే జాగ లేక ఆగిపోయిన చదువులు మన దగ్గర ఎన్నని! 1918ల పట్నంల ఉస్మానియా యూనివర్సిటీ మొదలైంది. అదే ఏడు, తర్వాత పట్నానికి కొత్వాల్ అయిన రాజా బహదూర్ వెంకట్రామారెడ్డి పూనుకొని రెడ్డి హాస్టల్ పెట్టించిండు. జిల్లాల నుంచి వచ్చే పిల్లలకు నెత్తి మీద కప్పు, కడుపుకింత అన్నం దొరికితేనే కదా కాలేజీ. గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి, మన పాలమూరాయనే, ఆ హాస్టల్ బాధ్యతలు చూసిండు. ఆడికెల్లి ఎంతమంది లాయర్లు, లీడర్లు, రాసేటోళ్లు తయారైండ్రో! మొగపిల్లలే అందరు.

ఆడపిల్లల మాట దుర్గాబాయి దేశ్‌ముఖ్ చెప్పాలె. ఉప్పు సత్యాగ్రహంల జైలుకు పోయి, బయటికొచ్చినంక పట్టుపట్టి మెట్రిక్ నుంచి మొదలుపెట్టి చదువుకున్న మనిషి. ఆంధ్ర విశ్వవిద్యాలయంల పొలిటికల్ సైన్స్ ఆనర్స్ చదువుతనని వాల్తేరు పోయింది. అప్పుడు వైస్ చాన్సలర్ సి.ఆర్. రెడ్డి. ఎంత పెద్ద మనిషైనా ఆయన కూడ వెనకాడిండు, ఆడపిల్లలకు హాస్టల్ లేదు, ఎట్ల చేర్చుకునుడు అని. వేరేటోళ్లైతే ఇంటికి పోయేటోళ్లు. ఈమె పేపర్ల ప్రకటన ఇచ్చింది, హాస్టల్ లేదని చదువు ఆపుకున్న ఆడపిల్లలెవ్వరన్న ఉంటే నాకు రాయండ్రి అని. పిల్లలు రాసిండ్రు. వాళ్లను పోగు చేసుకొని, జాగ చూసుకొని, వాళ్లే హాస్టల్ నడుపుకున్నరు. ఇగ వద్దనేతందుకు యూనివర్సిటీకి సాకు మిగల్లే. ఆ తర్వాత రాజ్యాంగ సభల కూడ కూసున్నది ఆమె. మద్రాసుల 1937ల ఆమె పెట్టిన ఆంధ్ర మహిళా సభ తర్వాత మన పట్నానికి కూడ వచ్చింది. విద్యానగర్ నుంచి యూనివర్సిటీకి పోయే రోడ్డు మీద ఆ సభ కాలేజీ, దుర్గాబాయి పేరు మీద దవాఖాన ఉన్నయి. నువ్వు రోజు ఆ ముందటికెల్లే పోతవు.

ఇంత చెప్పినంక హాస్టల్ స్వర్గమంటనా? కాదు. ఉస్మానియా లేడీస్ హాస్టల్ పిల్లలు 2024 ఎండకాలంల నీళ్లు, కరెంటు లేక రోడ్డు మీదికొచ్చిండ్రు, పేపర్లన్నిట్ల వచ్చింది. గదిల ఉండాల్సినోళ్ల కంటె ఎక్కువ మంది ఉంటరు, అలాట్‌మెంట్ లేకుండ దోస్తుల గదుల్ల సర్దుకునే నాన్ బోర్డర్లు కూడ ఉంటరు. మెస్సుల పప్పు నీళ్ల మీద తేలుతది. గని ఏడు నుంచి పదకొండు? మొత్తం నీదే. లైబ్రరీ నడిచే దూరంల. రాత్రి పదింటికి ఒక లెక్క తెగకపోతే పక్కగదిల సీనియర్ ఉంటది. ఏ సార్ దగ్గర పీహెచ్‌డీ చెయ్యాలె, ఏ ఫెలోషిప్‌కు ఎప్పుడు అప్లై చెయ్యాలె, ఇవి నోటీస్ బోర్డు మీదికి రాకముందే హాస్టల్ వరండాల చెప్పుకుంటరు. చిన్నమ్మ ఇంట్ల, ఆఖరికి మా ఇంట్ల కూడ, ఈ ముచ్చట్లు దొరకవు. ఊరి నుంచి వచ్చిన పిల్లకు, ఇంట్ల యూనివర్సిటీ గడప తొక్కినోళ్లు ముందుగాల ఎవ్వరు లేని పిల్లకు, ఇదే అన్నిటి కంటె పెద్ద లాభమని నా లెక్క.

ఒక కాగితం పని మర్చిపోకు. ఈపాస్‌ల స్కాలర్‌షిప్ అప్లై చేసేటప్పుడు హాస్టల్ల ఉన్నోళ్లకొక లెక్క, బయట నుంచి వచ్చేటోళ్లకొక లెక్క. నువ్వు ఎక్కడుంటవో తేలకముందే తోచింది నింపితే తర్వాత దిద్దించుకునేతందుకు ఆఫీసుల చుట్టు తిరుగుడే.

ప్రైవేటు హాస్టల్ గురించి పెద్దగ చెప్పేది లేదు. నలుగురికొక గది, మంచాల నడుమ నడిచేంత సందు, బల్ల ఉండది, మంచం మీదనే చదువు. కోచింగోళ్లకు, ఉద్యోగాలకు పోయేటోళ్లకు సరిపోతది. నీ గదిలోళ్లు రాత్రి పదింటికి షిఫ్ట్ అయిపోయి వచ్చి ఫోన్లు మాట్లాడుతుంటే ఏం చేస్తవు? వాళ్లది తప్పు కాదు, వాళ్ల దినం అప్పుడే మొదలైతది. పోతే మాత్రం అడ్వాన్స్ ఎంత తిరిగిస్తరో కాగితం మీద రాయించుకో.

ఇగ బార్కస్‌ల అద్దె గది. నువ్వు, ఇంకొక పిల్ల కలిసి తీసుకుంటమన్నరు. నాకు ఇది నచ్చని ఆలోచన కాదు. యూనివర్సిటీ చుట్టుపక్కల గల్లీల్ల తిరిగి చూడు, "ఫ్యామిలీస్ ఓన్లీ" బోర్డులే. బోర్డు లేని కాడ ఓనరమ్మ నవ్వుకుంట అడుగుతది, "మీరేమిటోళ్లమ్మా?" అని. జవాబు విన్నంక "నిన్ననే ఇచ్చేసినమమ్మా" అంటది. చదువుల్ల మొదటి ర్యాంకులొచ్చిన పిల్లలు ఆ గేటు కాడికెల్లి మర్లిపోయిన కథలు నాకు తెలుసు. మా దిక్కు ఆ ప్రశ్న నేను పెద్దగ వినలే. ఇక్కడి ఓనరమ్మలు, ఖాలాలంటం మేము, అడిగేది వేరే తీరు: "అకేలీ రహేగీ క్యా బేటీ? అమ్మా ఆతీ రహెంగీ నా?" ఒక్కదానివే ఉంటవా, అమ్మ వస్తుంటదా అని. మీ అమ్మ ఒకసారొచ్చి ఖాలా పక్కన కూసొని చాయ్ తాగితే సగం పని అయిపోయినట్టే. ఆ తర్వాత నీకు జరమొస్తే జావ కాసి తెచ్చేది కూడ ఆమెనే. అయితే ఆమెకు నీ దోస్తులు, క్లాస్‌మేట్లు, మొగపిల్లలు గదికొచ్చుడు అస్సలు నచ్చది. దాంట్ల ఎటు తిప్పినా తిరగది. గ్రూప్ స్టడీ అంటే క్యాంపస్‌లనే చేసుకోవాలె.

గది చూసేటప్పుడు సున్నం కొత్తగున్నదా, టైల్స్ మెరుస్తున్నయా అని చూడకు. "2020 అక్టోబర్ల ఈ ఇంట్లకు నీళ్లొచ్చినయా?" అని అడుగు. ఓనర్‌ను కాదు, ఎదురింటోళ్లను అడుగు. ఆ నెల వానలకు పల్లెచెరువు, ఆ వెంటనే గుర్రం చెరువు కట్టలు తెగినయి. అల్ జుబైల్ కాలనీ, హఫీజ్ బాబా నగర్, ఆ దిక్కు బస్తీలన్ని మునిగినయి. మనుషులు పోయిండ్రు. దినాలకు దినాలు పడవల మీద అన్నం పాకిట్లు పంచిండ్రు. ఒక ఇంటి నడుమ గోడ మీద నీళ్లు నిలబడ్డ గీత ఇంకా ఉన్నది, ఎన్నిసార్లు సున్నమేసినా మళ్ల తేలుతది. అందుకే కింది పోర్షన్ కిరాయి తక్కువైనా వద్దు, పైది తీసుకో. కింద ఉంటే నీ పుస్తకాలు, సర్టిఫికెట్లు కూడ నీళ్లపాలైతయని మర్చిపోకు. సర్టిఫికెట్లు తడిసిన పిల్ల యూనివర్సిటీల డూప్లికేట్ల కోసం తిరిగే తిరుగుడు చూసిన, పగోళ్లకు కూడ వద్దు.

కరెంటు మీటర్ వేరే ఉన్నదా అడుగు. వేరే ఉంటే గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపల జీరో బిల్లు కిరాయోళ్లకు కూడ వర్తిస్తది. ఒకటే మీటర్ ఉండి ఓనరే లెక్క చెప్తా అంటే ఆ సున్నా నీ దాంక రాది. నల్లా ఏ దినం, ఏ టైంల వస్తది? తెల్లారి మూడింటికి వస్తే నీళ్లు పట్టేదెవ్వరు? పక్కల ఫంక్షన్ హాల్ ఎంత దూరంల ఉన్నది? ఆ గదికి ఒక శుక్రవారం రాత్రి పోయి నిలబడు, శబ్దం ఎంత వస్తదో నీ చెవులే చెప్తయి. అగ్రిమెంట్ పదకొండు నెలలకు రాస్తరు, నడుమల ఖాళీ చేస్తే అడ్వాన్స్ ఏమైతదో అండ్ల ఉండాలె.

అమెరికాల కూడ ఇదే పంచాయితట. మా అక్క బిడ్డ డల్లాస్ దిక్కు ఎమ్మెస్ చేస్తున్నది. విమానమెక్కకముందే వాట్సాప్ గ్రూపుల మొఖం చూడని ముగ్గురు తెలుగు పిల్లలతోని అపార్ట్‌మెంట్ మాట్లాడుకున్నది. ఒకామె గుడ్డు కూడ ముట్టది, ఒకామె రొయ్యలు లేంది ముద్ద ఎత్తది, నడుమ ఒకటే ఫ్రిజ్జు. స్టూడెంట్ వీసా మీద పోయినోళ్లు చదువు నడిచేటప్పుడు క్యాంపస్‌ల వారానికి 20 గంటలే పని చెయ్యొచ్చు, అందుకే కిరాయి ఎక్కువైనా క్యాంపస్‌కు నడిచిపోయే ఇల్లే మేలైంది పిన్నీ అన్నది. బార్కస్ అయినా డల్లాస్ అయినా టైం ఎక్కడ మిగులుతదో చూసుకున్నోళ్లే గెలుస్తున్నరు మరి.

సరే, నా మాటేందని అడుగుతవు. క్యాంపస్ హాస్టల్‌కే అప్లై చెయ్యి, ఆఖరి తేదీ దాంక ఆగకు. క్లాసులు మొదలైనంక చానా దినాలకు గని అలాట్‌మెంట్ రాది, అది అందరికి తెలిసిందే. ఆ నడుమ దినాలు చిన్నమ్మ ఇంట్ల ఉండు, పైన చెప్పిన నాలుగు మాటలు మాట్లాడుకొని. రైలు టైములు, బస్సు టైములు ఆ దినాల్లనే నీకు అలవాటైతయి. హాస్టల్ రాకపోతే, లేకపోతే వచ్చినంక కూడ అక్కడ పడకపోతే, అప్పుడు బార్కస్‌ల గది చూద్దాం, ఖాలాతోని నేను మాట్లాడ్త. దిల్‌సుఖ్‌నగర్ నాకైతే నచ్చలే, నీ దోస్తు అలిగినా సరే. ఇంట్ల మీ నాయినకు "ఖర్చు" అని చెప్పకు, ఆయన అప్పు చేసైనా కడ్త అంటడు. ఏడు నుంచి పదకొండు లెక్క చెప్పు, ఆయన వ్యవసాయం చేసేటాయన, ఏ పొద్దు ఏ పని చెయ్యకపోతే పంట పోతదో ఆయనకు ఎవ్వరు నేర్పాల్సిన పని లేదు.

చిన్నమ్మకు హాస్టల్ సంగతి నేను చెప్తనని ఆశపడకు. నువ్వే చెప్పాలె, అది కూడ ఫోన్ల కాదు, ఇంటికొచ్చి, వంటింట్ల ఆమె పక్కన పీట ఏసుకొని కూసొని. ఆమె అలుగుతది. "మా ఇంట్ల ఏం తక్కువైంది" అంటది. తక్కువేం లేదు చిన్నమ్మా, చదువే ఎక్కువున్నది అను. రెండు దినాలు నీతోని మాట్లాడకపోవచ్చు, నా దగ్గరికొచ్చి నీ మీద చాడీలు చెప్తది, నేను వింట. మూడోనాటికి మామిడికాయ తొక్కు సీసాల నింపి, మూత మీద గుడ్డ కట్టి, హాస్టల్ల ఇచ్చి రమ్మని నా చేతులనే పెడ్తది. సీసా మాత్రం మళ్ల వాపస్ తెమ్మంటది, అది ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్నది, పగలగొట్టకు.